ఏ కష్టానికి ఎంత రేటు?

ఇంటర్నెట్‌లో రాసి సంపాదిద్దామనుకునే కుర్రాళ్లకి యూట్యూబ్ గురువులు మొట్టమొదట ఉపదేశించే మంత్రం ఒకటుంది: "ముందు లాభసాటి టాపిక్ పట్టుకో తమ్ముడూ." రాయడం వచ్చా అని అడగరు. నీకు తెలిసిందేమిటని అసలే అడగరు. కాస్త మర్యాదస్తుడైన గురువు "నీకు ఇష్టమైన సబ్జెక్టే ఎంచుకో" అని మొదలుపెడతాడు. మూడో నిమిషానికి "కానీ దానికి మార్కెట్ ఉండాలి" అంటాడు. పదో నిమిషానికి ఇష్టం సంగతి గాలికి పోయి క్రెడిట్ కార్డులు, ఇన్సూరెన్సు, లోన్లు మిగులుతాయి. ఆ పైన 499 రూపాయల కోర్సు, అదీ ఈ రాత్రి పన్నెండింటి వరకే.

గురువుల్ని తిట్టి లాభం లేదు, లెక్క ప్రకారం వాళ్లు చెప్పేది నిజమే. 2003లో సైట్లలో ప్రకటనలు పెట్టించే గూగుల్ యాడ్‌సెన్స్ వచ్చిన దగ్గర్నుంచీ మన రాతల పక్కనున్న ఖాళీ జాగా వేలంలోనే అమ్ముడవుతోంది. ఏ మాట వెతికినవాడి దగ్గర ఎక్కువ పిండుకోవచ్చో ఆ మాటకి పాట పెరుగుతుంది. చదివినవాడికి ఏం ఒరిగిందన్నది ఆ పాటలో లేనే లేదు. ప్రకటనలిచ్చేవాళ్ల కోసం గూగుల్ కీవర్డ్ ప్లానర్ అని ఒకటి పెట్టింది. అందులో "పర్సనల్ లోన్" అని కొడితే నెలకి ఎందరు వెతుకుతున్నారో, పేజీ పైభాగంలో కనబడటానికి ఎంత నుంచి ఎంత దాకా పాడుతున్నారో రూపాయలతో సహా చూపిస్తుంది. "గోంగూర పచ్చడి నిల్వ ఉండాలంటే" అని కొట్టి చూడండి, ఆ గడి చాలాసార్లు ఖాళీ. గోంగూర బూజు పట్టిందని ఎవరూ వడ్డీ వసూలు చేయలేరు కదా.

ఖరీదైన మాటల్ని ఒక వరసలో పెడితే సంగతి తేటతెల్లమవుతుంది. అప్పు, జబ్బు, యాక్సిడెంటు కేసు, విడాకుల లాయరు, తాగుడు మాన్పించే కేంద్రం. మనిషి ఎంత పీకల్లోతు ఇబ్బందిలో ఉంటే అతని క్లిక్కుకి అంత ధర. "లాభసాటి టాపిక్‌ల జాబితా" అని గురువులు ముద్దుగా పిలుచుకునేది జనం కష్టాల రేట్ల పట్టికే.

ఈ పట్టికలో ఏళ్ల తరబడి పై మెట్టు దిగని మాట "మెసోథెలియోమా లాయర్". రాతినార ధూళి, అదే ఆస్‌బెస్టాస్, పీల్చినవాళ్లకి ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకి పట్టే క్యాన్సర్ అది. దుమ్ము పీల్చిన ఇరవై, ముప్ఫై, నలభై ఏళ్లకి బయటపడుతుంది. అమెరికాలో దీనిమీద నష్టపరిహారం దావాలు పెద్ద ఎత్తున నడుస్తాయి కాబట్టి ఒక్క క్లిక్కుకి వంద డాలర్లు దాటినా అక్కడి లాయర్ల సంస్థలు వెనకాడవు. ఇంకేం, ఆ జబ్బు పేరు నోరు తిరగనివాళ్లు కూడా దానిమీద నిపుణులైపోయారు. నరసరావుపేటలో మేడమీద రేకుల గదిలో కూర్చుని మన కుర్రాడు ఓహియో కార్మికుడికి ఇంగ్లిషులో హక్కులు బోధిస్తాడు. తన నెత్తిమీద ఉన్న సిమెంటు రేకులోనూ అదే రాతినార ఉండొచ్చని మాత్రం రాయడు. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు ఈ రాయి కోసం గనులే తవ్వారు. ఆ గనుల్లో పనిచేసినవాళ్ల ఊపిరి గురించి తెలుగులో ఒక పేజీ రాస్తే పక్కన ప్రకటన ఇచ్చే లాయరేడీ? రేకుని మిషన్‌తో కోస్తుంటే లేచే దుమ్ము పీల్చకూడదన్న ముక్క మన మేస్త్రీకి చెబితే ఏ కంపెనీ పాట పాడుతుంది? అందుకని అవి టాపిక్కులు కావు.

తెలుగులో రాస్తానంటే గురువుగారు జాలిగా నవ్వుతారు. 2018 దాకా యాడ్‌సెన్స్ భాషల జాబితాలో తెలుగే లేదు. చేరాక కూడా యూఎస్ ట్రాఫిక్‌కి వచ్చే రేటు మనకి కలలో మాటే. ఖాతాలో పది డాలర్లు చేరితే చిరునామా సరిచూడటానికి గూగుల్ పిన్ నంబరు వేసి పోస్టులో ఉత్తరం పంపుతుంది. వంద నిండితేగానీ డబ్బు చేతికి రాదు. పోస్ట్‌మ్యాన్ ఉత్తరం తెచ్చిన రోజు దాన్ని ఫోటో తీసి స్టేటస్ పెట్టుకున్నవాళ్లలో ఎందరు ఆ వంద చూశారో గురువులు చెప్పరు.

అయినా తెలుగువాడు తెలివైనవాడు. మన దగ్గరా లాభసాటి టాపిక్ కనిపెట్టాడు: పీఎం కిసాన్. రైతుకి ఏడాదికి ఆరు వేలు, రెండేసి వేల చొప్పున మూడు విడతలు. డబ్బు పడేది ఏడాదికి మూడుసార్లు, దానిమీద "బ్రేకింగ్" రోజుకి మూడుసార్లు. శీర్షిక "రైతులకు భారీ శుభవార్త! ఖాతాల్లోకి డబ్బులు, వెంటనే చెక్ చేసుకోండి". కర్నూలు జిల్లాలో ఎవరో రైతు, పురుగుమందు కొట్టువాడికి ఎప్పుడు కడతానని చెప్పాలో తెలియక, ఆశగా నొక్కుతాడు. మొదటి పేరా "మన దేశానికి రైతే వెన్నెముక". రెండోది "అసలు పీఎం కిసాన్ అంటే ఏమిటి?" ఏళ్లుగా ఆ డబ్బు తీసుకుంటున్న మనిషికి! తర్వాత "ఐదు నిమిషాల్లో లోన్, పూచీకత్తు అక్కర్లేదు" అని ఒక ప్రకటన. 2020 చివర్లో ఇన్‌స్టంట్ లోన్ యాప్‌ల వేధింపులకి తెలంగాణలో మనుషులు ప్రాణాలు తీసుకుంటే పోలీసులు యాప్‌ల వాళ్లని అరెస్టు చేశారు. అయినా "లోన్" అన్న మాట రేట్ల పట్టికలోంచి పోలేదు. సరే, రైతు ఆ ప్రకటన దాటి కిందికి జరుపుతాడు. ఆధార్ లింకు, ఈకేవైసీ, భూమి రికార్డులు, మరో ప్రకటన, మరో రెండు పేరాలు. అడుగున చిన్న అక్షరాల్లో అసలు విషయం: "విడుదల తేదీని కేంద్రం ఇంకా ప్రకటించలేదు." పొద్దున్నే తేదీ మార్చి మళ్లీ అదే పేజీ ఎక్కిస్తారు, ఈసారి "రైతులకు పండగే" అని.