వెయిటింగ్ లిస్టు పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

ఆ. రైలు టిక్కెటనఁగ రాదు తొందరపడ
వరుస నిలిచియున్న వాఁడె ఘనుఁడు
చార్టు పడెడు వేళ జాతకమ్ము తెలియు
నంతవఱకు మదిని నాశ విడకు

అవతారిక

ఈ ఆటవెలది కర్త ఎవరో తెలియదు. చార్టులో పేరు లేదు. కాలనిర్ణయానికి పద్యంలోనే ఒక ఆధారం ఉంది. చార్టు ‘పడడం’ అన్నాడు కాబట్టి, పొడుగాటి కాగితం మీద అచ్చయి పెట్టె తలుపు పక్కన జిగురుతో పడిన రోజుల్ని ఈయన చూసి ఉండాలి. ఆ కాగితం ముందు మెడలు సాచి, వేలితో పేర్లు వెతుక్కున్న తరం వాడన్నమాట. ఇప్పుడు చార్టు ఫోనులో పడుతోంది. మెడ సాచేది ఒక్కరే అయినా నొప్పి తగ్గలేదు.

ప్రతిపదార్థం

రైలు టిక్కెటు + అనఁగన్ = రైలు టిక్కెట్టు అనేది; తొందరపడన్ = ఎంత ఆరాటపడినా; రాదు = చేతికి చిక్కదు; వరుసన్ = క్యూలో; నిలిచి + ఉన్నవాఁడె = కాళ్లు పీకుతున్నా కదలనివాడే; ఘనుఁడు = కన్‌ఫర్మ్ అయినవాడు; చార్టు పడెడు వేళన్ = చార్టు తయారయ్యే సమయానికి; జాతకమ్ము = బెర్తు ఉన్నదీ లేనిదీ; తెలియునంతవఱకున్ = బయటపడేదాకా; మదినిన్ = మనసులో; ఆశన్ = నంబరు కరిగిపోతుందన్న నమ్మకాన్ని; విడకు = వదలిపెట్టకు.

తాత్పర్యం

టిక్కెట్టు దొరకలేదా? క్యూలో ఉండు. క్యూలో ఉన్నావా? చార్టు దాకా ఆగు. ఆ తర్వాతి సంగతి పద్యంలో లేదు.

విశేషాలు

‘రాదు తొందరపడ’ అన్నచోట పూర్వవ్యాఖ్యాతలు చాలా తంటాలు పడ్డారు. తొందరపడితే టిక్కెట్టు రాదని కవి అంటున్నాడు. లోకంలో జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. రిజర్వేషను గడువు 2024 నవంబరు 1 నుంచి 120 రోజులు పోయి 60 రోజులైంది. సంక్రాంతికి జనవరి 12న బయలుదేరాలంటే నవంబరు 13 ఉదయం 8 గంటలకు వేలు తెర మీద సిద్ధంగా ఉండాలి. 8 గంటల 5 నిమిషాలకు కాఫీ గ్లాసు దించి చూసినవాడికి వెయిటింగ్ లిస్టు దర్శనమిస్తుంది. ముహూర్తానికి పెళ్లిళ్లలో కూడా ఇంత పట్టింపు లేదు. అక్కడ పురోహితుడు కాస్త సర్దుతాడు.

ఇక తత్కాల్. ఇది 1997లో పుట్టింది. ప్రయాణానికి ముందురోజు ఏసీకి ఉదయం 10 గంటలకు, నాన్ ఏసీకి 11 గంటలకు తెరుచుకుంటుంది. తెరుచుకోవడం, మూసుకోవడం ఒకే క్రియగా వాడదగిన సందర్భం ఇది. బొమ్మలోని వంకర అక్షరాలు పోల్చుకుని, ఓటీపీ కొట్టి, డబ్బు కట్టే పేజీలో చక్రం తిరుగుతుండగా పుణ్యకాలం దాటిపోతుంది. 2025 జులై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణ ఉండాలన్నారు, మొదటి అరగంట ఏజెంట్లను దూరం పెట్టారు. దొంగ సాఫ్ట్‌వేర్లను ఆపడానికి ఇవి అవసరమే, కాదనను. కాని ఫోను సరిగా పట్టుకోవడం రాని ముసలాయన దగ్గరికొచ్చేసరికి ఆ దొంగా ఈ ధ్రువీకరణా ఒకే పని చేస్తున్నాయి.

మరి కవి చెప్పింది తప్పా? తప్పు కాదు. ‘తొందరపడ’ అన్నదాన్ని ‘నీవొక్కడివే తొందరపడ’ అని పూరించుకోవాలి. అందరూ ఒకే క్షణంలో తొందరపడ్డప్పుడు తొందర వల్ల వచ్చే లాభం సున్నా. ఇదే సిద్ధాంతం.

రెండో పాదంలోని ‘వరుస’ ఈ పద్యానికి ఆయువుపట్టు. అక్కడే కవి మనల్ని మోసం చేశాడు, లేదా తానే మోసపోయాడు. శిష్యుడు అడుగుతాడు: ‘గురువుగారూ, మా బావగారికి వెయిటింగ్ లిస్టు 30 ఉంటే కన్‌ఫర్మ్ అయింది. నాకు 9 ఉంటే కాలేదు. వరుసలో ముందున్నది నేనే కదండీ?’ నాయనా, నువ్వున్నది వేరే వరుస. వరుస ఒక్కటే అనుకోవడం కవిసమయం. చకోరం వెన్నెల తాగుతుందనుకోవడం లాంటిది.

గోదావరి ఎక్స్‌ప్రెస్‌నే తీసుకుందాం. 1974 నుంచి విశాఖకూ హైదరాబాదుకూ మధ్య తిరుగుతున్న బండి. విశాఖలో ఎక్కి చివరిదాకా వెళ్లేవాడు మామూలుగా జనరల్ కోటా మనిషి. అతని చీటీ మీద జీఎన్‌డబ్ల్యూఎల్ అని ఉంటుంది. పెట్టెల్లో ఎక్కువ బెర్తులు ఈ కోటావే కాబట్టి రద్దయ్యేవీ ఇందులోనే ఎక్కువ. రాజమండ్రి లాంటి మధ్య స్టేషన్లలో ఎక్కేవారికి తరచుగా తగిలేది ఆర్‌ఎల్‌డబ్ల్యూఎల్, కాకపోతే పీక్యూడబ్ల్యూఎల్. ఆ కోటాల్లో బెర్తులే కొద్ది. ఎవరైనా రద్దు చేసుకుంటేనే కదా నంబరు కదిలేది? తత్కాల్ వెయిటింగ్ లిస్టు మరీ దిక్కులేనిది, దానికి ఆర్‌ఏసీ అనే మజిలీ కూడా లేదు. అంచేత పక్కనున్న అంకె కంటే ముందున్న అక్షరాలు ముఖ్యం. తెలుగువాడు మాత్రం అంకెనే చూస్తాడు. ర్యాంకుల అలవాటు.

‘జీఎన్‌డబ్ల్యూఎల్ 48 / డబ్ల్యూఎల్ 17’ అన్న జంటపదం దగ్గర కూడా చాలామంది తడబడతారు. మొదటిది జాబితా ఎంతదాకా సాగిందో చెబుతుంది, రెండోది రద్దులు పోగా ఇప్పుడు ఎక్కడ నిలిచిందో చెబుతుంది. రెండింటి నడుమ తేడాను కొందరు భక్తితో రోజూ రాసి పెట్టుకుంటారు. అది షేర్‌మార్కెట్ జబ్బుకు తమ్ముడు.

ఈ కోటాల గుట్టు తెలిసినవారు ఒక ఉపాయం పట్టారు. రాజమండ్రిలో ఎక్కాల్సినవాడు విశాఖ నుంచే టిక్కెట్టు తీసుకుని, ఎక్కే స్టేషను రాజమండ్రి అని ముందుగానే మార్చుకుంటాడు. రెండువందల కిలోమీటర్లు గాలికి డబ్బు కట్టినట్టే. కాని పెద్ద కోటాలో పడతాడు. మార్చుకోవడం మరిచి నేరుగా రాజమండ్రిలో ఎక్కితే బెర్తు ఇంకొకరిదై ఉండవచ్చు. దీన్ని కొందరు న్యాయం కాదంటారు. కోటా నియమం కన్నా ఈ ఉపాయమే కాస్త న్యాయంగా ఉందని ఈ వ్యాఖ్యాత అభిప్రాయం.

ధర గురించి కవి నోరు మెదపలేదు. ఉన్నవాడై ఉంటాడు. చవకగా పోదలచినవాడికి తత్కాల్ పనికిరాదు: స్లీపరుకు మూలధరలో 30 శాతం, కనీసం 100, అత్యధికం 200 రూపాయలు, థర్డ్ ఏసీకి 300 నుంచి 400 దాకా. కన్‌ఫర్మ్ అయిన తత్కాల్ టిక్కెట్టు రద్దు చేసుకుంటే పైసా వెనక్కి రాదు. రాజధాని, శతాబ్ది, దురంతోల్లో 2016 సెప్టెంబరు నుంచి బెర్తులు నిండేకొద్దీ ధర ఎక్కే పద్ధతి ఉంది. పెద్దవారి రాయితీ 2020 మార్చిలో ఆగింది, కరోనా వెళ్లింది గాని అది తిరిగి రాలేదు. మిగిలింది ఒక్క దారి. చార్టు అయ్యాక ఖాళీలుంటే కరెంట్ బుకింగ్‌లో తత్కాల్ బరువు లేకుండా దొరుకుతుంది. పండగ లేని మంగళవారాల్లో ప్రయత్నించదగ్గది.

ప్రయాణాన్ని రెండు ముక్కలు చేసి రెండు టిక్కెట్లు కొంటే చవక అని ఇంగ్లండు సీమ నుంచి వచ్చిన మేనల్లుళ్లు చెబుతుంటారు. అక్కడ అది నిజమే. అదే బండిలో అదే సీటులో కూర్చుని, నడుమ స్టేషను దగ్గర టిక్కెట్టు విరిచి డబ్బు మిగుల్చుకుంటారు. ఇక్కడ ఆ శాస్త్రం చెల్లదు. మనకు దూరం పెరిగేకొద్దీ కిలోమీటరు ధర తగ్గుతుంది, కాబట్టి విరిస్తే నష్టమే. మేనల్లుడి మాట కాదనలేక విరిచినవారు బెజవాడలో పెట్టె కూడా మారాల్సి వస్తుంది.

మూడో పాదంలో ‘జాతకమ్ము’. జాతకం మూడు విధాలు. బెర్తు రావడం, రాకపోవడం, ఆర్‌ఏసీ. ఈ మూడోదాన్ని పౌరాణికులు ఏనాడో ఎరుగుదురు: ఇంద్రుడు దుష్యంతుడికి ఇచ్చిన అర్ధాసనం. సైడ్ లోయరులో సగం. తేడా ఏమంటే, దుష్యంతుడి దగ్గర పూర్తి ఛార్జీ వసూలు చేయలేదు. పక్కన కూర్చున్న ఇంద్రుడు రాత్రి కాళ్లు ఎటు చాపుకోవాలని అడగలేదు.

రసం విప్రలంభం. ప్రయాణికుణ్ణి నాయికగా భావించాలి. పెట్టె సర్ది, మంచినీళ్ల సీసా నింపి, గడప దగ్గర కూర్చుంటే వాసకసజ్జిక. గంటగంటకూ పీఎన్‌ఆర్ కొట్టి చూస్తే విరహోత్కంఠిత. చార్టు పడ్డాక డబ్ల్యూఎల్ 2 దగ్గర ఆగిపోతే విప్రలబ్ధ. ఈ-టిక్కెట్టు తనంతట తానే రద్దయి, కొంత కోసుకుని మిగిలిన డబ్బు ఖాతాకు వస్తుంది. ఊరు మాత్రం రాదు. కష్టపడి బెర్తు తెచ్చుకుని, ఎక్కేసరికి తన లోయర్ బెర్తు మీద పరాయివారి పులిహోర మెతుకులు కనబడితే ఖండిత. ‘పెద్దావిడ అండీ, మీరు పైకి వెళ్తారా’ అన్న మాటకు తలూపితే ఏ నాయికో లక్షణకారులు చెప్పలేదు. వారు థర్డ్ ఏసీ ఎరుగరు.

చార్టు ఎప్పుడు పడుతుందన్నది వేరే చర్చ. పూర్వం బండికి నాలుగు గంటల ముందు. 2025లో దాన్ని ఇంకా ముందుకు జరిపారు. దుర్వార్త ముందే తెలిస్తే బస్సు చూసుకోవడానికి వీలుంటుంది. చాలా కాలానికి చేసిన మంచి పని అది.

నాలుగో పాదంలోని ఆశ బండి ఎక్కాక కూడా వర్తిస్తుంది. హైదరాబాదు నుంచి వస్తూ రాయనపాడు దాటాక, గుంటూరు వైపు నుంచి వస్తే కృష్ణా కెనాల్ దగ్గర, బెజవాడ దీపాలు కనిపిస్తుండగా బండి ఆగుతుంది. సామాను అప్పటికే తలుపు దగ్గరికి చేరి ఉంటుంది. దింపినవారెవరూ మళ్లీ పైన పెట్టరు, అదే ఆశ. చివరి స్టేషనుకు ముందు టైంటేబుల్లో కొంత అదనపు సమయం దాచి ఉంచుతారు కనుక దారంతా నత్తనడక నడిచిన బండి కూడా గమ్యంలో ‘రైట్ టైం’కు చేరినట్టు లెక్క తేలుతుంది. ఆలస్యమైతే ‘అసౌకర్యానికి చింతిస్తున్నాము’ అని ఒక ఆడగొంతు మూడు భాషల్లో చింతిస్తుంది. మూడింటిలోనూ చింత ఒకే శ్రుతిలో ఉండటం మెచ్చుకోదగ్గది.

పాఠాంతరం

సంక్రాంతి ముందు తిరిగే కొన్ని ప్రతుల్లో నాలుగో పాదం ‘అంతలోనె బస్సు నాశ్రయించు’ అని ఉంది. ఇది ప్రైవేటు ట్రావెల్స్ వారి ప్రక్షిప్తమని పండితుల అనుమానం. గణాలు సరిపోయాయి, యతి సరిపోయింది. పండగ వారంలో వాళ్ల ఛార్జీకి జేబు సరిపోదు కనుక ఈ పాఠాన్ని గ్రహించలేదు.