ఆర్వీ శీతయానం: సటీకా తాత్పర్యం

అవతారిక

చలికాలంలో అమెరికాను ఈ కొస నుంచి ఆ కొసకు ఆర్వీలో దాటాలని సంకల్పించిన గృహస్థుణ్ణి ఉద్దేశించి చెప్పిన పద్యమిది. ఇల్లు విడిచి వెళ్లేవాడు యాత్రికుడు. ఇల్లు తోలుకుని వెళ్లేవాడు ఆర్వీవాడు. ఈ కోరిక నిన్నమొన్నటిది కాదు. 1910లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పియర్స్-ఆరో కంపెనీ చూపిన టూరింగ్ లాండౌ కారులోనే మంచంగా మారే వెనకసీటు, ముఖం కడుక్కునే తొట్టి ఉన్నాయి. బండిలోకి తొట్టి వచ్చిన నాడే నీరూ వచ్చింది, నీటి వెంట గడ్డకట్టే బాధా వచ్చింది. పద్యానికి బీజం అదే.

మూలం (ఆటవెలది)

ఇల్లు వెంట వచ్చు నిక్కట్లు వెంబడే
నీరు రాయి యగును నేల కింద
గాలిపొయ్యి మింగు గాసును బ్యాటరిన్
చలిని బండి తోలు చతుర! వినుము

ప్రతిపదార్థం

చలిని = సున్నా డిగ్రీలకు దిగువన; బండిన్ తోలు = ఆర్వీని నడిపే; చతుర = ఓ నేర్పరీ; వినుము = జీపీఎస్ గొంతు కాసేపు తగ్గించి ఆలకించు; ఇల్లు = పడకా పొయ్యీ మరుగుదొడ్డీ కలిగిన నివాసం; వెంటన్ వచ్చున్ = చక్రాల మీద తోడొస్తుంది; ఇక్కట్లు = కష్టాలు; వెంబడే = ఆలస్యం చేయకుండా (వస్తాయి); నీరు = తాగేది, కడిగినది, చెప్పకూడనిది అని మూడు ట్యాంకుల్లో ఉండే త్రివిధ జలం; నేల కిందన్ = బండి గచ్చుకూ మంచు రోడ్డుకూ నడుమ; రాయి అగును = గడ్డకడుతుంది; గాలిపొయ్యి = ఫర్నెస్; గాసును = ప్రొపేన్‌ను; బ్యాటరిన్ = ఫ్యాను తిప్పే 12 వోల్టుల బ్యాటరీని; మింగున్ = తెల్లవారేలోగా ఖాళీ చేస్తుంది.

తాత్పర్యం

కట్టిన ఇంట్లో పునాదీ గోడలూ చడీచప్పుడు లేకుండా చేసే పనిని చక్రాల ఇంట్లో యజమానే మేలుకుని చేయాలి. శీతకాలపు ఆర్వీలో అసలు ప్రయాణికుడు నీరు, మనిషి దానికి కావలివాడు.

విశేషాలు

ఇక్కట్లు వెంబడే: దీనికి ఉదాహరణ ఇంటర్‌స్టేట్ 80. న్యూజెర్సీలోని టీనెక్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా సుమారు 2,900 మైళ్లు. వయోమింగ్‌లో లారమీ దగ్గరి షెర్మన్ సమ్మిట్ 8,640 అడుగుల ఎత్తున ఉంది, ఆ దారి మొత్తంలో అదే శిఖరం. లారమీ దాటాక పాత 30వ నంబరు హైవే మెడిసిన్ బో మీదుగా ఉత్తరంగా చుట్టి పోతుంది. స్థానికులు వద్దన్నా వినకుండా ఎల్క్ మౌంటెన్ పక్కనుంచి దగ్గరిదారి వేసి 1970లో తెరిచారు. చలికాలంలో అక్కడ గాలి రోడ్డును పాలిస్తుంది. మంచు ముదిరితే రోడ్డుకు అడ్డంగా గేట్లు వేస్తారు. మంచు లేకున్నా గాలి హెచ్చితే, తేలికగా ఎత్తుగా ఉండే బండ్లను మాత్రం ఆపేస్తారు. ఆ రెండు విశేషణాలూ ఆర్వీకి సరిగ్గా సరిపోతాయి.

నీరు రాయి యగును: గడ్డకట్టే నీరు సుమారు 9 శాతం ఉబ్బుతుంది, పైపు ఉబ్బదు. ఈ కలహానికి పరిహారం చెప్పేవారు రెండు తెగలు. శుష్కవాదులు నీరంతా దించేసి, పైపుల్లో గులాబీరంగు యాంటీఫ్రీజ్ నింపి, సీసా నీళ్లతో గడుపుతారు. ఆ ద్రవం ప్రొపిలీన్ గ్లైకాల్. కారు రేడియేటర్‌లో సాధారణంగా పోసే ఇథిలీన్ గ్లైకాల్ విషం, దాన్ని ఈ పైపుల దరిదాపులకు రానీయరాదు. తాపవాదులు ట్యాంకుకు హీటింగ్ ప్యాడ్ అతికించి, కరెంటుతో వెచ్చబడే గొట్టం తగిలించి, బండి చుట్టూ తెర కట్టి నీటిని బతికిస్తారు. కడిగిన నీటి వాల్వు విషయంలో మాత్రం ఇరువర్గాలదీ ఒకే మాట. తెరిచి ఉంచితే సన్నధార గొట్టంలోనే పొరలుపొరలుగా గడ్డకడుతుంది. మూసి ఉంచి, నిండాక ఒక్కసారిగా వదలాలి.

గాసును: మన వంటింటి సిలిండర్‌లో ప్రొపేన్, బ్యూటేన్ కలిసి ఉంటాయి. బ్యూటేన్ సున్నా దగ్గరే ఆవిరి కావడానికి మొరాయిస్తుంది. ప్రొపేన్ మైనస్ 42 దాకా మాట వింటుంది. అందుకే మంచుదేశపు పొయ్యికి అదే ఆహారం.

శంక: క్యాంప్‌గ్రౌండులో కరెంటు ఉండగా గాసెందుకు, విద్యుత్ హీటరు చాలదా?

సమాధానం: చాలదు. చలికి తగ్గట్టు కట్టిన చాలా ఆర్వీల్లో ఫర్నెస్ వేడిగాలి కొంత నేల కిందికీ వెళ్తుంది. హీటరు గదిని వెచ్చబెడితే థర్మోస్టాట్ తృప్తిపడి ఫర్నెస్‌ను నిద్రపుచ్చుతుంది. అప్పుడు పైన యజమానికి చెమట పడుతుంది, కింద ట్యాంకు గడ్డకడుతుంది. పైగా 30 ఆంపుల కనెక్షన్ మోయగలిగేది 3,600 వాట్లే. క్రిస్మస్ సెలవులకు ఆర్వీ అద్దెకు తీసుకున్న తెలుగు కుటుంబం 1,500 వాట్ల హీటర్లు రెండు పెట్టుకుని, 700 వాట్ల రైస్ కుక్కర్ మీట నొక్కిందంటే బ్రేకర్ పడిపోతుంది, బియ్యం బియ్యంగానే మిగులుతాయి.

బ్యాటరిన్: ఇక్కడ అన్యోన్యాశ్రయ దోషం ఉంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని సున్నాకు దిగువన చార్జ్ చేస్తే పాడవుతుంది. చార్జ్ కావాలంటే వేడి కావాలి, వేడి కావాలంటే చార్జ్ కావాలి. తార్కికులు దీన్ని తప్పంటారు. తయారీదారులు బ్యాటరీలోనే హీటరు అమర్చి, ఇంకాస్త ధర కలిపి, ఒప్పంటారు.

అలంకారం: విరోధాభాసం. వెచ్చగా ఉండాలంటే కిటికీ కాస్త తెరవాలి. కిలో ప్రొపేన్ కాలితే సుమారు 1.6 కిలోల నీరు పుడుతుంది. స్టవ్ మీద వంట చేస్తే ఆ ఆవిరీ, మన ఊపిరీ అద్దాల మీద చేరి కారుతాయి. పైకప్పు వెంటు, ఓ కిటికీ సందు తెరిస్తే విరోధం తీరుతుంది. ఇక వంటపొయ్యితో గది వెచ్చబెట్టుకోవడం నిషిద్ధం. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. ఈ చోట హాస్యరసానికి తావు లేదు, అలారం పనిచేస్తోందని చూశాకే పడుకోవాలి.

పాఠాంతరం: నాలుగో పాదాన్ని కొందరు "చలికి దూరమేగు చతుర! వినుము" అని చదువుతారు. ఇది స్నోబర్డ్స్ సంప్రదాయం. వీరు ఇంటర్‌స్టేట్ 10 పట్టుకుని అరిజోనాలోని క్వార్ట్‌జైట్ ఎడారి చేరి, ప్రభుత్వ భూమిలో చలికాలమంతా విడిది చేస్తారు. అక్కడి దీర్ఘకాల విడిదికి సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 దాకా గడువు. యతి చెడలేదు, గణాలూ సరిపోయాయి. ఈ పాఠమే సాధువని తోస్తుంది గాని, దీన్ని ఒప్పుకుంటే మిగతా మూడు పాదాలతో పని ఉండదు. వ్యాఖ్యాతకు అసలే ఉండదు. కనుక గ్రహించలేదు.

ఫలశ్రుతి

బయల్దేరే ముందు ఈ టీక చదివినవారికి జారని టైర్లు, తెరిచి ఉన్న గేట్లు కలుగుతాయి. చదవనివారికీ దారిలో ఏ లోటూ కనిపించదు. పగిలిన పైపును మంచుగడ్డే బిగించి మూసి ఉంచుతుంది. ఎండ తగిలే ఊరు చేరి, చలిని గెలిచామని కుర్చీ వేసుకుని కూర్చున్నాక కారడం మొదలవుతుంది.