‘మెనువు నడుగ’ పద్యానికి టీకా తాత్పర్యం

మెనువు నడుగ నవ్వ మెతుకులే తెచ్చెను
దుంప మీద పచ్చ దుప్పటుండె
అడుగకుండ పోసె యాపగా చీచను
లీమలోన మాకు లేదు కొరత

అవతారిక: పెరూ రాజధాని లీమాలో, అవ్వా కొడుకూ కోడలూ కలిసి నడిపే ఆరు బల్లల హోటల్లో, స్పానిష్ ఒక్క ముక్క రాని కవి భోంచేసి చెప్పిన పద్యమిది. ఇలాంటి చోటును అక్కడ ‘వారీకే’ అంటారు. పేరుకు తగ్గట్టే, ఆ వీధి వారికే తెలుస్తుంది.

ప్రతిపదార్థం: మెనువున్ = మెనూను; అడుగన్ = అడగగా; అవ్వ = హోటలు పెద్దావిడ; మెతుకులే = అన్నమే; తెచ్చెను = తెచ్చింది; దుంప మీద = ఉడికించిన బంగాళాదుంప మీద; పచ్చ దుప్పటి = పసుపు రంగు చిక్కటి ముద్ద; ఉండె = పరచి ఉంది; అడుగకుండ = నోరు తెరవకముందే; యాపగా = కొసరుగా; చీచను = ఊదా మొక్కజొన్న పానీయాన్ని; పోసె = పోసింది; లీమలోన = లీమా నగరంలో; మాకు = కవికీ భార్యకూ (గౌరవ బహువచనం కాదు); కొరత లేదు = లోటు లేదు.

తాత్పర్యం: అడిగింది రాలేదు. అడగనిది వచ్చింది. కడుపు నిండింది.

విశేషాలు:

మెనూ: కవి ఉద్దేశం ధరల అట్ట. లీమాలో దాని పేరు ‘కార్తా’. అక్కడ ‘మెనూ’ అంటే ఒకే ధరకు ముందొక వంటకం, తర్వాత అసలు వంటకం, తాగడానికొక గ్లాసు ఉండే మధ్యాహ్న భోజనం. మన మెస్సులో ‘ప్లేటు మీల్స్’ అన్నట్టే. కనుక అవ్వ తప్పేమీ లేదు.

నడుగ నవ్వ: అడుగన్ + అవ్వ అని సంధి. ‘నవ్వ’ అని విడదీసి ‘నవ్వుతూ’ అని చెప్పేవారూ ఉన్నారు. అవ్వ నిజంగానే నవ్వింది కాబట్టి రెండూ గ్రాహ్యమే.

దుంప: ఆ వంటకం ‘పాపా ఆ లా వాంకాయినా’. ఇందులో పాప లేదు, వంకాయా లేదు. పాపా అంటే బంగాళాదుంప; వాంకాయినా అంటే వాంకాయో ఊరిది. దుప్పటి ‘అహీ’, చీజ్, పాలు, ఉప్పు బిస్కెట్లు కలిపి రుబ్బింది. అహి అనగానే సంస్కృతజ్ఞులు పామని లేచి నిలబడరాదు. అది పసుపు మిరపకాయ. కాటు మాత్రం ఉంది. పేరులో బంగాళం ఉన్నా దుంపకు పుట్టిల్లు ఆండీస్ కొండలే. దాని మీద పరిశోధించే అంతర్జాతీయ కేంద్రం 1971 నుంచి లీమాలోనే ఉంది. మనింటి వేపుడుకు అది అమ్మమ్మగారి ఊరు.

యాప: తెలంగాణ, రాయలసీమ పాఠకులు వేపచెట్టు అనుకుంటారు. కాదు. ఇది ఆండీస్ ప్రాంతపు కెచువా భాష మాట, చేర్చడమనే అర్థం నుంచి వచ్చింది. కూరగాయల బుట్టలో చివర పడే కరివేపాకు రెబ్బ లాంటిది. ఇక్కడ పడింది అనాసతొక్క, దాల్చినచెక్క, లవంగాలతో మరిగించి నిమ్మ పిండిన చీచా, రెండో గ్లాసు.

శంక: రెండో గ్లాసుకు డబ్బు వేశారేమో?
సమాధానం: బిల్లు పరిశీలించాం. వేయలేదు.

అలంకారం: భ్రాంతిమంతం. ఒకదాన్ని మరొకటిగా అనుకోవడం.

ఛందస్సు: ఆటవెలది. యతులు కవి చెల్లించాడు; బిల్లు భార్య చెల్లించింది.

ఫలశ్రుతి: లీమా వెళ్లేవారు అట్ట కావాలంటే ‘కార్తా’ అనండి. ఆకలైతే ‘మెనూ’ అనండి.