అయిదొందల చదివింపు

మైపాడు దగ్గర పట్టపుపాళెం. గంగమ్మ తిరునాళ్ళంటే రాత్రికి పాటకచ్చేరి ఉండాల్సిందే. ఉందంటే బాలు పాటలే పాడాలి, నెల్లూరు జిల్లాలో ఇంకో మాటకు తావు లేదు.

ఆ ఊళ్లో ఒక పెద్దామె ఏటా ఒకటే చేస్తుంది. కొంగుముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన అయిదొందల నోటు తీసి, మనవడి చేత వేదిక మీదికి చదివింపు పంపిస్తుంది. ఏ పాటో చెప్పక్కర్లేదు. ‘అభినందన’లోదే. నోటు కనబడగానే కీబోర్డు కుర్రాడు మొదలెట్టేస్తాడు.

ఈసారి పాట అయ్యాక మైకు రిటైరైన హెడ్మాస్టరుగారి చేతిలో పడింది. పడితే అంత తొందరగా వదిలే మనిషి కాదాయన.

"1988 నాటి సినిమా ఇది. పాట రాసిన ఆత్రేయది సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడు. పాడిన బాలు మన నెల్లూరాయన. తిప్పరాజువారి వీధిలో సొంతిల్లు వేద పాఠశాలకని 2020లో కంచి పీఠానికి ఇచ్చేశాడు. బాణీ కట్టిన ఇళయరాజా ఒక్కడే బయటివాడు!"

జనం నవ్వారు. ఆయనకు ఊపొచ్చింది.

"పదేళ్లకూ ముప్ఫై ఏళ్లకూ మధ్య విన్న పాట మనసులో దిగబడిపోతుందని శాస్త్రజ్ఞులు తేల్చారు. తొలి జీతం, తొలి ప్రేమ, పెళ్ళి, అన్నీ ఆ వయసులోవే గదా! పాట చెవిన పడితే ఆ మనుషులంతా కళ్లముందుకొస్తారు. అదుగో, ఆ తల్లి కళ్లు చూడండి, ఎట్లా మెరుస్తున్నాయో!"

మెరుస్తున్న మాట నిజమే. చూపు మాత్రం వేదిక మీద లేదు, ముందు వరస కుర్చీల మీద ఉంది.

యాంకరమ్మాయి మైకు పట్టుకుని పరుగున వచ్చింది. "అమ్మా, ఈ పాట వింటే మీకు ఎవరు గుర్తుకొస్తారు?"

ఆమె మైకును అరచేత్తో పక్కకు నెట్టింది.

"నాకెవురూ గుర్తుకు రారు తల్లా. పెళ్ళైన కొత్తల్లో మా ఇంటాయన వల అల్లుకుంటా రోజూ ఇదే పాడతా ఉండె. నాకోసమే అనుకుంటిని. ఎవురికోసమో మా కూతురి పెళ్ళిచూపుల నాడు తెలిసింది. పెళ్ళికొడుకు తల్లి గడపలో కాలు పెట్టింది, ఈయన చేతిలో కాఫీ పంచె మీద ఒలికింది. సంబంధం మంచిది, వదులుకోబుద్ధి కాలా. ఇప్పుడామె మా వియ్యపురాలు."

మళ్లీ కొంగుముడి విప్పింది.

"ఇద్దురూ ముందు వరసలోనే ఉండారు. తల తిప్పకండా భలే కూర్చున్నారులే ఇందాక. ఇదిగో ఇంకో అయిదొందలు, మళ్లీ పాడించు."