గ్రంథాలయ నోటీసు బోర్డు వారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ నోటీసు బోర్డు వారికి,

ధర్మపురి జిల్లా పాప్పిరెడ్డిపట్టి తాలూకాలో, సేలం నుంచి మంజవాడి కనుమ మీదుగా అరూరు వైపు సాగే దారిలో ఉన్న ఏ. పళ్లిపట్టి పాఠకలోకం తరఫున ఈ విన్నపం సమర్పించడమైనది. చట్టం ప్రకారం జిల్లాలోని ప్రజా గ్రంథాలయాలపై అధికారం స్థానిక గ్రంథాలయ సంస్థది, అంటే తమిళంలో ‘నూలక ఆణైక్కుళు’ అని వ్యవహరించే మండలిది. అయితే పుస్తకం కోసం గడప తొక్కినవారికి ఆ మండలి కనబడదు, కనబడేది తామే. సెలవు ఏ రోజో, పుస్తకం తిరిగి ఇవ్వవలసిన గడువు ఎంతో, ఆలస్యానికి రుసుము ఎంతో శాసించేదీ తామే కనుక, ఏ పల్లె గ్రంథాలయంలోనైనా అసలు అధికారి తామేనని నిశ్చయించి ఈ లేఖ తమకే రాయడమైనది.

తమ వంశం చిన్నది కాదు. 1948లో మద్రాసు ప్రావిన్సు చేసిన ప్రజా గ్రంథాలయాల చట్టం స్వతంత్ర భారతదేశంలో ఆ తరహా చట్టాల్లో మొదటిది. దాని వెనుక ఉన్నది 1892లో శీర్కాళిలో పుట్టి, 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయిన ఎస్. ఆర్. రంగనాథన్ పట్టుదల. అప్పటికి ధర్మపురి సేలం జిల్లాలో భాగం, గుంటూరు, నెల్లూరు, కడప కూడా అదే ప్రావిన్సులోని జిల్లాలు. కనుక 1960లో ఆంధ్రప్రదేశ్ సొంత చట్టం చేసుకునేదాకా అక్కడి పాఠకుడికీ పళ్లిపట్టి పాఠకుడికీ మూలచట్టం ఒకటే. గ్రంథాలయ సెస్సు, అనగా ఇంటి పన్నుతో కలిపి వసూలు చేసి గ్రంథాలయాలకే వెచ్చించవలసిన అదనపు పన్ను, ఆ చట్టం పెట్టిన ఏర్పాటే. తమిళనాడులో అది ఇప్పుడు రూపాయికి పది పైసలు. పుస్తకం ముట్టనివారు కూడా దాన్ని కడతారు కాబట్టి, ఊళ్లో ఇల్లున్న ప్రతివారూ గ్రంథాలయ పోషకులే. అయినా ‘పురవలర్’, అంటే పోషకుడు, అనే బిరుదు మాత్రం ఒక మొత్తం ఒకేసారి చెల్లించినవారికే దక్కడం లోకరీతి, దానిపై ఇక్కడ ఫిర్యాదు లేదు.

ఫిర్యాదు తమ విలేకరితనం మీద. గ్రంథాలయ వార్త అంటే సెలవుల పట్టిక, నిశ్శబ్దం పాటించండి అన్న ఆజ్ఞ, ముగిసిపోయిన వ్యాసరచన పోటీ ఫలితాలు అనే అభిప్రాయం బోర్డుల కులంలో తరతరాలుగా పాతుకుపోయింది. ఈ నెల కొత్తగా ఏ పుస్తకాలు వచ్చాయి, ఏ భాషలో వచ్చాయి, ఊరి నుంచి ఏటా సెస్సు ఎంత వసూలవుతోంది అనే మూడు సంగతులు అద్దం వెనుక కనబడితే, పోటీ పరీక్షల పుస్తకాల కోసం మాత్రమే వచ్చే యువకులు సైతం ఒక నిమిషం ఆగి చదువుతారు. ‘వాసగర్ వట్టం’, అంటే గ్రంథాలయాన్ని అంటిపెట్టుకొని పనిచేసే పాఠకుల సంఘం, ఎప్పుడు కూడుతుందో అది కూడిన తరువాత ప్రకటించే ఆచారాన్ని కూడా తాము దయచేసి విరమించాలి.

ఇక అసలు మనవి. ధర్మపురి జిల్లా పల్లెల్లో తెలుగు ఇంటిభాషగా ఉన్న కుటుంబాలు ఉన్నాయి. వారి పిల్లలకు 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతి నుంచి తమిళాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేసింది, తెలుగు చెప్పే బడి ఊరికి దగ్గరలో లేనిచోట తెలుగు లిపి వారి కంటికి పడే అవకాశమే లేదు. కాబట్టి ‘తెలుగు పుస్తకాలు తెప్పించండి’ అనే సాధారణ కోరిక ఇక్కడ సగం పనే చేస్తుంది. 1954 నాటి పుస్తకాల అప్పగింత చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ప్రతిని ప్రచురణకర్త తన ఖర్చుతో చెన్నైలోని కన్నెమరా గ్రంథాలయానికి పంపాలి కనుక, తెలుగు పుస్తకాలు తమిళనాడుకు రానే వస్తున్నాయి. అవి పళ్లిపట్టి దాకా వచ్చినా, తెలుగు మాట్లాడే అవ్వకు గానీ ఆమె మనవడికి గానీ ఆ అక్షరాలు అందవు. పుస్తకాలు వాడుకకే అన్నది రంగనాథన్ 1931లో ప్రకటించిన పంచసూత్రాల్లో మొదటిది. ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం అన్నది రెండోది. పాఠకుడి భాష పుస్తకంలో ఉండి, పుస్తకం లిపి పాఠకుడికి రాని పరిస్థితిలో, వాడుక అంటే చదివి వినిపించడమే.

చదివి వినిపించమనడం కొత్త కోరిక కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడిన నాటి నుంచి తెలుగునాట గ్రంథాలయోద్యమం చదువురానివారిని గడప బయట నిలబెట్టలేదు. దూరపు పల్లెలనూ వదల్లేదు: 1935లో పాతూరి నాగభూషణం కొల్లూరు–పెదవడ్లపూడి కాలువపై పడవలో పుస్తకాలు తిప్పారు. అంతకు నాలుగేళ్ల ముందే, 1931లో, మన్నార్గుడి దగ్గర మేలవాసల్ నుంచి ఎద్దుబండి మీద పుస్తకాలు పల్లెలకు వెళ్లాయి, ఆ బండిని ప్రారంభించినది రంగనాథనే. పుస్తకం కాలువా దాటింది, బండీ ఎక్కింది. పళ్లిపట్టిలో అది దాటవలసింది లిపిని మాత్రమే. అందుకు కావలసింది వారానికి ఒక సాయంత్రం, కర్రపెండలం తోటల పని ముగిశాక, తెలుగు చదవగలవారు ఒకరు, వినేవారు పదిమంది.

ఆ కార్యక్రమాన్ని తాము ఏ లిపిలో ప్రకటిస్తారన్నది తదుపరి ప్రశ్న. తెలుగు లిపిలో ప్రకటిస్తే రావలసినవారు చదవలేరు, తమిళ భాషలో ప్రకటిస్తే తెలుగు ఎందుకని అడుగుతారు. కాబట్టి తెలుగు మాటలనే తమిళ అక్షరాల్లో రాయడం శాస్త్రసమ్మతం. తమిళంలో క, ఖ, గ, ఘలకు ఒకే అక్షరం కదా అని తాము సందేహించనక్కరలేదు: త్యాగరాజ కీర్తనలను తమిళ లిపిలో అచ్చువేసే సంగీత పుస్తకాలు ఆ అక్షరం పక్కన చిన్న 3 అంకె వేసి గకారాన్ని, 4 వేసి ఘకారాన్ని ఏనాడో సాధించాయి. సవరల భాషను తెలుగు లిపిలో రాసి వారికి వాచకాలు తయారుచేసిన గిడుగు వెంకట రామమూర్తి పద్ధతి కూడా ఇటువంటిదే. లిపి మీద అభిమానం కన్నా చదివేవారి సౌకర్యం ఆయనకు ముఖ్యమైంది.

తేదీలు వెతుక్కోవలసిన శ్రమ తమకు లేదు. ఆగస్టు 12 రంగనాథన్ పుట్టినరోజు, గ్రంథాలయాధికారుల దినం. ఆగస్టు 29 గిడుగు పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. మొదటిదానికి తమ అద్దం వెనుక చోటు ఉంటుంది, రెండోదాన్ని అదే కాగితంపై కింది వరుసలో చేరిస్తే అదనపు గుండుసూది కూడా అక్కరలేదు. నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే జాతీయ గ్రంథాలయ వారోత్సవాల్లో పిల్లల పోటీలతో పాటు ఒక సాయంత్రం పెద్దవారి చేత ఇంటి తెలుగులో కథలు చెప్పించి, వాటిని ఫోనులో రికార్డు చేసి గ్రంథాలయంలో దాచవచ్చు. ఆ ప్రకటన అడుగున మాత్రం, చదవడం రానివారు కూడా రావచ్చని కాస్త పెద్ద అక్షరాల్లో రాయించవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
ఇంటి పన్నులో రూపాయికి పది పైసలు కలిపి చెల్లించే
ఏ. పళ్లిపట్టి పాఠకలోకం, శ్రోతృలోకం