అడగకుండా సాఫ్ట్‌వేర్ రాయడం ఎలా?

సాఫ్ట్‌వేర్ బాగుండాలంటే కోడ్ ముట్టుకునే ముందే ఏం కావాలో తేల్చుకోవాలట. దీనికి రిక్వైర్‌మెంట్స్ ఇంజినీరింగ్ అని ఒక శాస్త్రం, ఆ శాస్త్రానికీ సాఫ్ట్‌వేర్ నాణ్యతకూ ఉన్న బంధం మీద 1994లో యూరప్‌లో మొదలై ఇప్పటికీ నడుస్తున్న సదస్సు. వాడేవాళ్లను అడగండి, వాళ్ల పని చూడండి, రాసుకున్నది పరీక్షకు నిలిచేలా రాయండి అంటారు ఆ పండితులు. మనకంత తీరిక ఎక్కడిది? డెడ్‌లైన్ ముందే ఒప్పేసుకున్నాం, మాదాపూర్‌లో ఆఫీసు అద్దె నడుస్తోంది. కాబట్టి నా మాట వినండి.

పత్రం రాయక తప్పదంటే మెత్తటి మాటలతో రాయండి. 'వేగంగా పనిచేయాలి', 'యూజర్ ఫ్రెండ్లీగా ఉండాలి', 'అవసరాన్ని బట్టి మార్చుకునే వీలుండాలి' లాంటివి ఎవరూ కాదనలేరు, ఎవరూ కొలవలేరు. వెయ్యిమంది ఒకేసారి వాడుతున్నా రెండు సెకన్లలో పేజీ తెరుచుకోవాలి అని అంకె రాశారో, టెస్టర్ చేతికి చిక్కారన్నమాటే. జాబితా చివర 'మొదలైనవి' అని పడేయడం మరవకండి. తనకు కావలసినవన్నీ అందులో ఉన్నాయని క్లయింట్ అనుకుంటాడు, ఏవీ లేవని డెవలపర్ అనుకుంటాడు. క్లయింట్ స్వయంగా పరీక్షించి చూసే యూఏటీ దాకా ఇద్దరూ సుఖంగా నిద్రపోతారు.

అంతకంటే తేలిక దారి పాత ప్రాజెక్టు పత్రాన్ని కాపీ కొట్టి పేరు మార్చడం. అంతరిక్షంలోనే ఈ పని చేశారు, మనమెంత? 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానా నుంచి ఏరియన్ 5 తొలిసారి ఎగిరింది. రాకెట్ ఎటు వంగిందో, ఎంత వేగంతో పోతోందో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌ను ఏరియన్ 4 నుంచి తెచ్చుకున్నారు. అందులో ఒక భాగం రాకెట్ లేచాక కూడా దాదాపు 40 సెకన్లు నడుస్తూనే ఉండాలన్నది పాత రాకెట్ అవసరం. కొత్తదానికి ఆ పనే లేదు, అయినా ఉంచేశారు. కొత్త రాకెట్ ఏ దారిన, ఎంత వేగంగా ఎగురుతుందో ఆ లెక్కలు కట్టే పరికరం అవసరాల పత్రంలో చేర్చనే లేదు. అడ్డదిశలో వేగం పాత రాకెట్‌కంటే బాగా ఎక్కువ కావడంతో 64 బిట్ల అంకె 16 బిట్లలో ఇమడలేదు. ఒకటి ఆగితే ఇంకోటి ఆదుకోవాలని రెండు కంప్యూటర్లు పెట్టారు కానీ రెంటిలోనూ అదే సాఫ్ట్‌వేర్. రెండూ ఆగాయి. 40 సెకన్లలోపే రాకెట్ గాల్లో ముక్కలైంది. కోడ్ మాత్రం తనకు చెప్పిన పని చెప్పినట్టే చేసింది, ఆ పుణ్యం దానిదే!

ఖర్మ కాలి పత్రంలో అంతా సరిగ్గానే రాసి ఉందనుకోండి, చదవకండి. మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే అంతరిక్ష నౌకకు లెక్కలు న్యూటన్ సెకన్లలో ఇవ్వాలని పత్రం స్పష్టంగానే చెప్పింది, భూమి మీది సాఫ్ట్‌వేర్ పౌండ్ సెకన్లలో ఇచ్చింది. 1999 సెప్టెంబరులో ఆ నౌక అంగారకుడి దగ్గర గల్లంతైంది.

క్లయింట్ మార్పులడిగితే ఫోన్‌లోనే సరే అనేయండి. ఎక్కడా రాయకండి.

ఇక అసలు కిటుకు, ఎవరితో మాట్లాడాలన్నది. ఆ సాఫ్ట్‌వేర్‌ను జన్మలో తెరవని మనిషిని ఎంచుకోండి. బిల్లు పాస్ చేసే పెద్దాయన శ్రేష్ఠం. కౌంటర్‌లో కూర్చునే ఆవిడ వైపు మాత్రం చూడకండి. "సార్, నెట్ పోతే ఏం చేయాలి? ఒకే పేరుతో ఇద్దరొస్తే?" అని అడుగుతుంది. ఒక్కో ప్రశ్నకూ వారం రోజులు పోతాయి.

ఈ విద్యలో లండన్ అంబులెన్స్ సర్వీసు మనకు ఆదర్శం. రోజుకు 2,000 నుంచి 2,500 ఫోన్లు. కాగితం మీద రాసి కన్వేయర్ బెల్ట్ మీద పంపే పద్ధతి తీసేసి కంప్యూటర్ పెట్టాలనుకున్నారు. అవసరాల పత్రం బ్రహ్మాండంగా, చాలా వివరంగా రాశారు, కానీ అంబులెన్స్ నడిపేవాళ్లను అడిగింది బహు తక్కువ. ఏ బండి ఎక్కడుందో, ఖాళీగా ఉందో లేదో యంత్రానికి ఎప్పుడూ కచ్చితంగా తెలిసే ఉంటుందన్నది ఆ పత్రం నమ్మకం. రోడ్డు మీద రేడియో అందని చోట్లుంటాయి, హడావిడిలో తప్పు బటన్ నొక్కుతారు, ఒక బండి కేటాయిస్తే ఇంకో బండెక్కి పోతారు. డ్రైవర్లనడిగితే అరగంటలో చెప్పేవారు. 1992 అక్టోబర్ 26న వ్యవస్థ పూర్తిస్థాయిలో మొదలైంది. బండ్ల జాడ తెలియని యంత్రం ఒకే చోటికి రెండేసి బండ్లను పంపింది. సరిచేయమనే హెచ్చరికలు పేరుకుపోయి తెర మీద కనబడకుండా పైకి జారిపోయాయి. బండి రాక జనం మళ్లీ మళ్లీ ఫోన్ చేశారు. అవతల ఊపిరాడని మనిషి ఉన్నాడు కనుక ఇక్కడ నాకూ వెటకారం రావడం లేదు.

నవంబర్ 4న మెమరీ నిండిపోయి సర్వర్ ఆగింది. రెండో సర్వర్ అందుకోలేదు. కాగితం పూర్తిగా పోయాక పనికొచ్చేలా దాన్ని రూపొందించారు, ఆ గందరగోళం దెబ్బకు అప్పటికేమో పని సగం కాగితం మీదే నడుస్తోంది. ఆ సగం సగం దశ గురించి పత్రంలో లేదు. మళ్లీ పూర్తిగా కాగితం, పెన్సిల్.

ఆ తర్వాత లండన్ వాళ్లు చెడిపోయారు. సిబ్బందిని కూర్చోబెట్టి అడిగారు, తొందరపడకుండా కొంచెం కొంచెంగా పెట్టి చూశారు. 1996లో మొదలైన ఆ కొత్త వ్యవస్థ పనిచేసింది. మీకు సపోర్ట్ కాంట్రాక్టు ఏళ్లతరబడి నడవాలని ఉంటే అలాంటి పనులు పెట్టుకోకండి.