ఎర్ర చుక్క లెక్క

నేను కరెంటు మీటర్ని. మెట్ల కిందో, వరండా గోడకో ఉంటాను. అపార్ట్‌మెంట్లయితే సెల్లార్‌లో నా తోటివాళ్లతో వరసగా నిలబడతాను. బిల్లు వచ్చిన రోజున తప్ప ఇంట్లో నా ఊసు ఎవరూ ఎత్తరు. ఆ రోజు మాత్రం తప్పంతా నాదే. నాకు వచ్చింది ఒకే ఒక్క ఎక్కం: వాట్లు ఇంటూ గంటలు. వెయ్యి వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్. మనుషులకు వాట్ల భయం ఉంది కానీ గంటల భయం లేదు. పొదుపు అనగానే చప్పుడు చేసేదాని మీద, వెలుగిచ్చేదాని మీద పడతారు. మిక్సీనే తీసుకోండి. రోజూ పది నిమిషాలు తిప్పితే, దాని మీద రాసి ఉన్న 750 వాట్లూ పూర్తిగా లాగినా నెలకు నాలుగు యూనిట్లు దాటదు. టీవీ కింద చప్పుడు చేయకుండా కూర్చున్న సెట్‌టాప్ బాక్సు పది వాట్లదే. కానీ టీవీని రిమోట్‌తో ఆపేసి గోడ స్విచ్ వదిలేస్తే అది రాత్రీ పగలూ లాగుతూనే ఉంటుంది, నెలకు ఏడు యూనిట్లు. వంటింట్లో అంత గోల చేసే మిక్సీకి ఇది దాదాపు రెట్టింపు.

నా మాట నమ్మకపోతే నా ముఖం మీద వెలిగి ఆరే ఎర్ర చుక్కను చూడండి. పక్కనే యూనిట్‌కు ఎన్నిసార్లు వెలుగుతుందో అచ్చువేసి ఉంటుంది, చాలావాటి మీద 3200 అని. ఇంట్లో అన్నీ ఆపేసి ఒక్క ఫ్యాను మాత్రం వేసి, ఒక మెరుపుకూ మరో మెరుపుకూ మధ్య ఎన్ని సెకన్లో ఫోన్లో చూసుకోండి. 3200 మీటరైతే 1125ని ఆ సెకన్లతో భాగించండి. వచ్చినవే వాట్లు. పాత ఫ్యానుకు పదిహేను సెకన్లకోసారి మెరుస్తాను, అంటే 75 వాట్లు. కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యానుకైతే ముప్పై ఏడు సెకన్ల దాకా మెరవను, అంటే ముప్పై వాట్లు. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బుకు రెండు నిమిషాలు ఆగాలి. గీజర్ వేస్తే మెరుపులు లెక్కపెట్టడమే కష్టం. ఏ యంత్రం ఎంత తింటోందో చెప్పడానికి ఇంతకంటే చవకైన పరికరం ఇంట్లో ఇంకోటి లేదు. అయినా నా దగ్గరికొచ్చి చూసేవాళ్లు అరుదు.

మన ఎండల్లో ఏడాదిలో ఎక్కువ రోజులు, రోజుకు పదిహేను గంటలు తిరిగేది సీలింగ్ ఫ్యాను. అందుకే అసలు లెక్క దాని దగ్గరే మొదలవ్వాలి. పాత ఫ్యానుకూ కొత్తదానికీ తేడా 45 వాట్లు. నెలకు ఇరవై యూనిట్లు, అదీ ఒక్క ఫ్యానుకు. పాత గుండ్రటి రెగ్యులేటర్‌తో వేగం తగ్గిస్తే మిగిలిందనుకున్న కరెంటులో కొంత ఆ డబ్బాలోనే వేడిగా పోతుంది. డబ్బా మీద చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్‌కు ఆ బాధ లేదు. నీళ్ల సంగతి వేరు, అక్కడ గంటలు తక్కువ, వాట్లు ఎక్కువ. పదిహేను లీటర్ల బకెట్‌ను 25 డిగ్రీల నుంచి 40కి తేవడానికి పావు యూనిట్ పైమాటే. నలుగురికి రోజుకో యూనిట్. ఎప్పటికప్పుడు కాచడం కంటే గీజర్ ఆన్‌లోనే ఉంచితే కలిసొస్తుందని ఒక నమ్మకం ఉంది. అది తప్పు. ట్యాంకు ఎంతసేపు వేడిగా ఉంటే అంతసేపు వేడి బయటికి పోతూనే ఉంటుంది. పోయినదాన్ని నింపడానికి నేను మళ్లీ మెరవాల్సిందే. స్నానానికి ముందు వేసి, అయ్యాక ఆపడమే నయం. ఏసీ విషయంలోనూ ఇలాంటి భ్రమే. 16లో పెడితే గది త్వరగా చల్లబడుతుందనుకుంటారు. మామూలు ఏసీలో కంప్రెసర్ ఒకే వేగంతో పనిచేస్తుంది, మీరు మార్చేది అది ఆగే చోటును మాత్రమే. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా ఆదా అని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతుంది. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఏసీలు 24 డిగ్రీల దగ్గరే మొదలయ్యేలా వస్తున్నది అందుకే.

"ఇదంతా సరే, కొత్త మీటర్లు స్పీడుగా తిరుగుతున్నాయి, దానికేం చెబుతావ్?" అని అడుగుతారు. మా ముందు తరం కడుపులో అల్యూమినియం చక్రం ఉండేది. ఏళ్ల తరబడి దుమ్ము పట్టి, బేరింగు అరిగి, రాపిడి పెరిగితే చిన్న చిన్న లోడ్లకు అది కదిలేదే కాదు. సెట్‌టాప్ బాక్సు లాంటివి దాని కన్నుగప్పి తిన్నాయి, నా దగ్గర ఆ ఆటలు సాగవు. నాలో దోషం ఉండకూడదని ఏమీ లేదు. అనుమానముంటే ఫీజు కట్టి టెస్టింగ్ చేయించుకోవచ్చు, ఆ హక్కు వినియోగదారులకుంది.

రెండో అభ్యంతరం బరువైనది: ఇరవై యూనిట్లు మిగిల్చితే ఒరిగేదేమిటి? ఇక్కడ స్లాబులు చూడాలి. మిగిలేది ఎప్పుడూ ఆఖరి యూనిట్, అంటే అన్నిటికంటే ఖరీదైనది. 2022లో వచ్చిన ధరల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 225 దాటాక యూనిట్ 8 రూపాయల 75 పైసలు. 260 వాడే ఇంట్లో ఆ ఇరవై యూనిట్ల విలువ 175 రూపాయలు. ఫ్యానుకు అదనంగా పెట్టిన డబ్బు ఏడాదిలోనే వెనక్కొస్తుంది. తెలంగాణలో అదే ఏడాది ధరల్లో 200 దగ్గర ఇంకో తిరకాసుంది. 200 యూనిట్లకు ఎనర్జీ చార్జీ 820 రూపాయలు. 201 అయితే మొదటి యూనిట్ నుంచీ రేటు మారి 1027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు రెండు వందల పైచిలుకు. 2024 నుంచి గృహజ్యోతి పథకం అందుకుంటున్న ఇంట్లోనైతే 200 దాకా సున్నా బిల్లు, దాటితే మొత్తం కట్టాలి. నెలాఖరులో గీజర్ స్విచ్ మీదకు చెయ్యి వెళ్లేముందు అలాంటి ఇంట్లోవాళ్లు నా అంకెలు ఓసారి చూసుకోవడం పిసినారితనం కాదు.

అయితే అందరికీ ఒకే మందు రాయలేను. యాభై యూనిట్ల లోపు వాడే ఇంటికి, సున్నా బిల్లు వచ్చే ఇంటికి ఖరీదైన ఫ్యాను కొనమని చెబితే అది డబ్బు ఆదా అనిపించుకోదు. అక్కడ ఉన్న బల్బు మార్చుకుంటే చాలు. అద్దెకుండేవాళ్ల కష్టం ఇంకోరకం. చాలాచోట్ల ఇంటాయన సబ్‌మీటర్ పెట్టి యూనిట్‌కు ఒకటే రేటు వసూలు చేస్తాడు. అలాంటిచోట స్లాబు లెక్క వాళ్లకు వర్తించదు, తగ్గిన ప్రతి యూనిట్‌కూ ఆ రేటే మిగులుతుంది. అంటే తక్కువ వాడే పేదింట్లో ప్రభుత్వ రేటు కన్నా ఆ రేటుకే పొదుపు ఎక్కువ గిట్టుతుంది. వినడానికి విడ్డూరమే.

ఇక నా స్థానంలోకి స్మార్ట్ మీటర్లు వస్తున్నాయి. వాళ్లకు వాట్లూ గంటలే కాదు, ఏ గంటో కూడా తెలుసు. 2023లో కేంద్రం సవరించిన నిబంధనలు ఎండ ఉన్న గంటల్లో కరెంటు చవగ్గా, పీక్ గంటల్లో ప్రియంగా ఉండాలంటున్నాయి. మీ రాష్ట్రంలో ఆ రేట్లు మీ ఇంటికి అమలైన రోజున వాషింగ్ మెషీన్, ఇస్త్రీ, మోటారు మధ్యాహ్నానికి మార్చుకున్నవాళ్లకు, అవే యూనిట్లు కాలినా బిల్లు తగ్గుతుంది.